పల్లీలు నూరే తరగతి

పీనట్ బటర్ సీసాను కొన్నాళ్ళు కదల్చకుండా అలమరలో ఉంచితే పైన నూనె తేలుతుంది. కింది ముద్ద బిగుసుకుపోయి చెంచా దిగనంటుంది. జిమ్ముకెళ్ళే కుర్రకారు పుణ్యమా అని ఈ సీసా ఇప్పుడు మన ఊళ్ళ వంటిళ్ళలోకీ వచ్చేసింది కాబట్టి, ఈ నూనె సంగతి చాలామందికి అనుభవమే. కొందరు పాడైపోయిందనుకుని పారేస్తారు. తెలిసినవాళ్ళు అడుగుదాకా కలియబెట్టి వాడుకుంటారు. అంగట్లో దాని పక్కనే ఉన్న ఇంకో సీసాలో మాత్రం నెలలు గడిచినా చుక్క నూనె తేలదు. రెండింటిలోనూ ఉన్నది పల్లీలే. మరి ఒకదాంట్లో తేలిన నూనె రెండోదాంట్లో ఏమైంది? ఐదేళ్ళ పిల్ల అడగదగిన ప్రశ్న ఇది, అడుగుతుంది కూడా. పెద్దవాళ్ళ జవాబు మాత్రం తరచూ ఒకటే: "కలిపేస్తే పోతుందిలే, తిను." ప్రశ్నకు జవాబు చెప్పకుండా నోట్లో ముద్ద పెట్టడం మనకు బాగా అలవాటైన విద్య. బడిలో తిండితో చేయించే సరదా పనులు చూసినప్పుడల్లా ఇదే అనుమానం పీడిస్తుంది. పిల్లల చేతికి తిండి ఇస్తున్నామా, లేక తిండి గురించి వాళ్ళకు పుట్టగల ప్రశ్నను పక్కకు తోస్తున్నామా?

పీనట్ బటరుతో చిన్నపిల్లలకు పనులు చెప్పడంలో అమెరికా కిండర్‌గార్టెన్ టీచర్లది అందె వేసిన చెయ్యి. సెలరీ కాడను బెత్తెడు ముక్కలుగా కోసి, దాని గాడిలో పీనట్ బటర్ పూసి, పైన వరసగా ఎండుద్రాక్షలు అద్దితే "దుంగ మీద చీమలు" తయారు. పైన్ చెట్టు కాయకు పీనట్ బటర్ పట్టించి, గింజల్లో దొర్లించి, తాడు కట్టి కొమ్మకు వేలాడదీస్తే చలికాలంలో పిట్టలకు మేత. పీనట్ బటర్, తేనె, పాలపొడి కలిపి పిసికితే మెత్తటి ముద్ద అవుతుంది. దాంతో పాములు, నత్తలు, అక్షరాలు చేసి, ఆట అయ్యాక ఆ అక్షరాలనే తినేయొచ్చు. పీనట్ బటరే ఎందుకంటే కారణాలు తేలిక. చవక, పొయ్యి అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, పిల్లలందరికీ ఎరికైన రుచి. 1946లో అక్కడ జాతీయ పాఠశాల భోజన పథకం చట్టమయ్యాక సర్కారు కొని బడులకు పంపే సరుకుల్లో ఇదీ ఒకటి. అందుబాటులో ఉన్నది ఆటలోకి రావడం సహజమే. కానీ ఈ మూడు పనులనూ ఒకసారి విడదీసి చూడండి. దుంగ మీద చీమల్లో పీనట్ బటర్ చేస్తున్నది జిగురు పని. ఎండుద్రాక్షను అంటించడానికి మైదా పేస్టైనా సరిపోయేది, తినడానికి పనికిరాదు కాబట్టి ఇది వచ్చింది. పిట్టల మేత దానికంటే నయం. ఏ పిట్ట వచ్చింది, ఏ గింజ ఏరుకుంది, ఏది వదిలేసింది అని పిల్లలు కిటికీ దగ్గర నిలబడి రోజుల తరబడి చూస్తారు. ముద్దతో అక్షరాలు చేయడంలో వేళ్ళకు పనుంది, కానీ బంకమట్టితో అయ్యే పనే అది. తిండి అయినందువల్ల ఆ పాఠానికి కొత్తగా కలిసిందేమిటి? సరదా. సరదా చాలదా అంటే, ఆ పూటకు చాలు. బడి కదా, ఇంకాస్త అడగొద్దూ?

ఇంకాస్త ఇచ్చే పని కూడా అక్కడే ఉంది. టీచరు ఒక బ్రెడ్డు ప్యాకెట్, పీనట్ బటర్ సీసా, జామ్ సీసా, చాకు బల్ల మీద పెట్టి, "శాండ్‌విచ్ ఎలా చేయాలో చెప్పండి, మీరు ఏం చెబితే అది చేస్తాను" అంటారు. "బ్రెడ్డు మీద పీనట్ బటర్ పెట్టండి" అని ఒక పిల్లాడు అంటాడు. టీచరు మూత కూడా తీయకుండా సీసాను ఎత్తి బ్రెడ్డు ప్యాకెట్ మీద పెడతారు. తరగతి గొల్లుమంటుంది. "కాదు, మూత తీసి!" మూత తీస్తారు. "తీసుకుని పూయండి!" చేతి వేళ్ళతో తీసి, బ్రెడ్డు అంచుకు పూస్తారు. "చాకుతో!" చాకు పిడిని సీసాలో ముంచుతారు. పది నిమిషాలు గడిచేసరికి ప్రతి పిల్లా తాను చెప్పిన వాక్యాన్ని తానే నిలదీసుకోవడం మొదలుపెడుతుంది. ఏది ముందు, ఏది వెనక, దేంతో, దేని మీద, ఎంత? ఎదుటివాళ్ళకు తెలుసులే అని మనం మింగేసే మాటలు ఎన్నో అక్కడ బయటపడతాయి. కంప్యూటరుకు ఆదేశాలు రాయడం నేర్పేవాళ్ళు ఈ ఆటను అందుకే తమ తరగతుల్లోకి తీసుకున్నారు. ఇక్కడ శాండ్‌విచ్ బదులు కాగితం పడవ పెట్టకూడదా? పెట్టొచ్చు. కానీ పూయడం, పరవడం, గీకడం, చాలినంత తీయడం అనే పనుల్లో ఉన్న సూక్ష్మం మడతపెట్టిన కాగితంలో దొరకదు. పైగా తప్పు చెబితే తినడానికి శాండ్‌విచ్ ఉండదు. తిండి ఇక్కడ అలంకారంగా రాలేదు, పనిగా వచ్చింది. అంతా ఆ తేడాలోనే ఉందని నా వాదన. తరగతిలోకి తిండి బొమ్మగా వస్తే దాంతో వచ్చేది కాలక్షేపం. పనిగా వస్తే, అంటే పిల్లల చేతిలో ఒక పదార్థం ఇంకో పదార్థంగా మారుతుంటే, పాఠం దానంతట అదే నడుస్తుంది.

ఆ మార్పుకు పీనట్ బటర్ కంటే మంచి సాక్ష్యం చిన్నపిల్లల తరగతిలో దొరకడం కష్టం, సీసా మూత తీయడంతో కాకుండా గింజతో మొదలుపెడితే. వేయించి పొట్టు తీసిన పల్లీలు మిక్సీలో వేసి తిప్పితే ముందు రవ్వ అవుతుంది. ఇంకాస్త తిప్పితే పొడి. ఆ పొడి మిక్సీ జార్ గోడలకు అంటుకుపోయి, బ్లేడు ఊరికే తిరుగుతుంటుంది. ఆపి, గరిటెతో గోడలు గీకి, మళ్ళీ తిప్పాలి. ఈసారి తడి ఇసుక మాదిరి గడ్డలు కడుతుంది. ఇక అయ్యేదేమీ లేదనిపించే ఆ ఘడియలో, మోటారు గొంతు మారి, గడ్డలన్నీ కలిసి ముద్దయి, ముద్ద మెరుపెక్కి, జారుగా తిరగడం మొదలవుతుంది. చుక్క నీళ్ళు పోయలేదు, నూనె వేయలేదు. మరి ఈ జారుడు ఎక్కడిది? గింజలో దాదాపు సగం నూనే, అది లోపల దాక్కుని ఉంది అన్న సంగతి పుస్తకం చెప్పకముందే పిల్లల కళ్ళకు కనబడుతుంది. ఇప్పుడు అదే మిక్సీ జార్‌లో పుట్నాలు వేయండి. ఎంతసేపు తిప్పినా మెత్తటి పొడే అవుతుంది గానీ వెన్న కాదు. అందులో కొవ్వు ఐదారు శాతమే. రెండు గిన్నెలు పక్కపక్కన పెడితే ఆరేళ్ళ పిల్లకు కూడా ఇంకెవరూ వివరించనక్కర్లేదు. మూడో గిన్నె కూడా పెట్టొచ్చు. అవే పల్లీలు నీళ్ళు పోసి రుబ్బితే చట్నీ. చట్నీ వేసవిలో రాత్రికల్లా పులిసి పాడవుతుంది. నీటి తడి లేని పీనట్ బటర్ వారాలు నిలుస్తుంది. సూక్ష్మజీవులకు కావలసింది నీళ్ళని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? నూనె తేలని సీసా సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. 1920లలో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ అనే అమెరికన్, గది వేడిలోనూ గట్టిగా ఉండేలా మార్చిన నూనెను కాస్త కలిపి, నూనె విడిపోకుండా కట్టడి చేశాడు. ఆపై కంపెనీలు పల్లీలు తగ్గించి ఇతర నూనెలు, చక్కెర పెంచుతూ పోతే, పీనట్ బటర్ అని పిలవాలంటే అందులో ఎంత పల్లీ ఉండాలన్న వాదన అమెరికా ప్రభుత్వానికీ కంపెనీలకూ మధ్య ఏళ్ళ తరబడి సాగింది. 1971లో అమల్లోకి వచ్చిన నిబంధన 90 శాతం అని తేల్చింది. పది చెంచాల్లో తొమ్మిది చెంచాలు పల్లీలే ఉండాలంటే ఏమిటో, మూడో తరగతి పిల్లలు బల్ల మీదే కొలిచి చూపగలరు.

ఇలా పని ద్వారా పాఠం చెప్పడం కొత్తగా పుట్టిన ఆలోచనేమీ కాదు. జాన్ డ్యూయీ 1896లో షికాగోలో తెరిచిన ప్రయోగ పాఠశాలలో వంట కూడా చదువులో భాగమే. మరియా మాంటిసోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన పిల్లల ఇంట్లో పసివాళ్ళు చేసే పనుల్లో వడ్డనలు, కడగడాలు ఉండేవి. 1937లో వార్ధాలో గాంధీ ముందుకు తెచ్చిన నయీ తాలీం చేతిపనినే చదువుకు ఇరుసు చేయాలంది. ముగ్గురి దారులూ వేరు, నమ్మకాలూ వేరు. అయినా చేసే పని నిజమైనదై ఉండాలి, పని తర్వాత దాని ఫలం చేతికి రావాలి అన్న దగ్గర ముగ్గురూ కలుస్తారు. పల్లీలు నూరడంలో ఆ రెండూ ఉన్నాయి.

అయితే ఈ మాట అమెరికాలో ఎవరితోనైనా అంటే ముందు మీ చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. అక్కడ నూటికి ఇద్దరు పిల్లలకు పల్లీలు పడవు. పడకపోవడమంటే దద్దుర్లతో పోయేది మాత్రమే కాదు, కొందరికి గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదం. అందుకే చాలా బడుల్లో పీనట్ బటర్ గడప దాటదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, పులిహోరలో పల్లీలు, వంకాయ కూరలో పల్లీ పొడి, ఇవేవీ పిల్లల డబ్బాలో పెట్టడానికి వీల్లేదని బడి నుంచి చీటీ వస్తుంది. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. ఒక పిల్ల ప్రాణం కంటే పాఠం గొప్పది కాదు. కానీ భయం ఎక్కడుండాలో అక్కడే ఉందా అన్నది చూడాలి. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, పల్లీలంటే తీవ్రమైన అలర్జీ ఉన్న 30 మంది పిల్లల చర్మానికి పీనట్ బటర్ తాకించారు, వాసన చూపించారు. అంటిన చోట కొందరికి ఎర్రబడింది, దురద పెట్టింది. ఒంటినంతా కమ్మే ప్రమాదం ఒక్కరికీ రాలేదు. ప్రమాదమంతా నోట్లోకి వెళ్ళడంలో ఉంది, చిన్నపిల్లల చేతులు నోటికి వెళ్ళకుండా ఉండవు కాబట్టి చేతులు కడగడంలో ఉంది. సబ్బుతో కడిగితే పల్లీ మరక పోతుంది, సీసాలోంచి పిండుకునే శానిటైజరుతో పోదు. మసాచుసెట్స్ బడుల మీద 2017లో వెలువడిన అధ్యయనం ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. పల్లీల్లేని బడి అని ప్రకటించుకున్న చోట్ల అత్యవసర ఇంజక్షన్ల అవసరం తగ్గలేదు, పల్లీలు లేని బల్లలు విడిగా వేసిన చోట్ల తగ్గింది. గేటు దగ్గర బోర్డు కంటే బల్ల దగ్గర జాగ్రత్త మేలన్నమాట.

దూరంగా ఉంచడమే రక్షణ అన్న నమ్మకానికి ఇంకా పెద్ద దెబ్బ వేరే చోట తగిలింది. అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్ళు వచ్చేదాకా పల్లీలు పెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో సలహా ఇచ్చింది. 2008లో ఆధారం చాలదని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది బ్రిటన్‌లోని యూదు పిల్లలనూ ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లలనూ పోల్చి చూస్తే, బ్రిటన్ పిల్లల్లో పల్లీ అలర్జీ పది రెట్లు ఎక్కువని తేలింది. ఇజ్రాయెల్‌లో పసితనం నుంచే పల్లీలతో చేసిన బాంబా అనే చిరుతిండి తింటారు. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం ముప్పు ఎక్కువున్న 640 మంది పసివాళ్ళ మీద జరిపిన పరీక్ష ఫలితాలు బయటపెట్టింది. ఐదేళ్ళ వయసుకు పల్లీలకు దూరంగా పెరిగినవాళ్ళలో నూటికి 17 మందికి అలర్జీ వచ్చింది, తింటూ పెరిగినవాళ్ళలో నూటికి ముగ్గురికి. ఈ లెక్కలు చూసి ఏ టీచరూ అలర్జీ ఉన్న పిల్లకు బడిలో చెంచా అందించకూడదు. ఆ పని డాక్టరుదీ తల్లిదండ్రులదీ. కానీ ఒక మాట మాత్రం గట్టిగా అనొచ్చు. తిండిని కనబడకుండా చేయడం వల్ల పిల్లలు భద్రంగా ఉండరు, తెలియనితనంతో ఉంటారు. పక్కవాడికి పల్లీ పడదని తెలిసిన పిల్ల తన చేతులు సబ్బుతో ఎందుకు కడగాలో కూడా తెలుసుకుంటుంది. పొట్లం మీద రాసిన అలర్జీ హెచ్చరిక చదవడం అక్షరాలు వచ్చిన ప్రతి పిల్లకూ పాఠమే. అలర్జీ ఉన్న పిల్ల తరగతిలో ఉంటే, తల్లిదండ్రులను అడిగి, ఆమెకు పడుతుందన్నది ఖాయం చేసుకుని, పల్లీల చోట పొద్దుతిరుగుడు గింజలు వేసుకోవచ్చు. వాటిలోనూ సగం నూనే, వాటితోనూ వెన్న వస్తుంది. పాఠం ఎక్కడికీ పోదు. ఆ పిల్లను విడిగా కూర్చోబెట్టే పాఠం మాత్రం పాఠమే కాదు.

మన దగ్గర ఈ అలర్జీ భయం అంత కనబడదు గానీ, వేరే జాగ్రత్తలు లేకపోలేదు. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి విడి పల్లీ గింజలు ఇవ్వకూడదు. నవ్వుతూ తింటే పొలమారి ఊపిరిగొట్టంలో ఇరుక్కుంటాయి. పీనట్ బటర్ కూడా పెద్ద ముద్దగా పెట్టకుండా పల్చగా పూయాలి. రెండోది బూజు. తడి తగిలిన పల్లీలకు పట్టే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దాని మీద ఏళ్ళుగా పనిచేస్తున్నారు. దీనికి తరగతిలో చేయగలిగిన మందు, చాట ముందు కూర్చుని ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు వాసన కొట్టేవి ఏరిపారేయడం. మన అమ్మమ్మలు ఎప్పుడూ చేసే పనే ఇది. పెద్ద పిల్లలకు ఇస్తే చూపుకు, ముక్కుకు, వేళ్ళకు ఒకేసారి పరీక్ష. ఏరడం అయ్యాక చేతులు సబ్బుతో కడిగించాలి.

అన్నం పరబ్రహ్మ స్వరూపం అంటారే, దాంతో ఆటలేమిటి అని ఇంకో అభ్యంతరం. ఇది నాకు సబబుగానే తోస్తుంది. ఆకలి ఇంకా ఇల్లు వదలని దేశంలో తిండిని గోడకు అంటించి, రంగులద్ది, సాయంత్రం చెత్తబుట్టలో వేయడం చూడలేం. ఇదే పల్లీ ముద్దకు పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి 1990లలో ఫ్రాన్స్‌లో తయారైన పొట్లం, ఆఫ్రికాలో తీవ్రమైన పోషణలోపంతో ఉన్న పిల్లలను నిలబెట్టింది. 92 గ్రాముల పొట్లంలో 500 కేలరీలు. ఆ సంగతి తెలిశాక పీనట్ బటరును జిగురుగా చూడటం ఎవరికైనా కష్టమే. కాబట్టి నియమం తేలిక: చేసింది తినాలి, తినలేనిది చేయకూడదు. ఈ నియమం పెడితే అలంకారాల జాబితా సగానికి పడిపోతుంది. పడిపోనీండి.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది, నలభైమంది పిల్లలతో మిక్సీ ఎక్కడ, కరెంటు ఎక్కడ అని టీచర్లు అంటే అందులోనూ న్యాయముంది. కానీ కరెంటు లేకుండానే పనయ్యే దారి మన ఇళ్ళలోనే ఉంది. వేయించిన పల్లీలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, తురిమిన బెల్లం వేసి ఇంకాస్త దంచితే, నెయ్యి చుక్క వేయకుండానే ఉండ కడుతుంది. గింజ నూనే బెల్లాన్ని పట్టి ఉంచుతుంది. పొయ్యి అక్కర్లేదు, పాకం అక్కర్లేదు. కొలతలు లెక్కల పీరియడ్‌కు, చేసే విధానం రాయడం తెలుగు పీరియడ్‌కు, నూనె సంగతి సైన్సుకు. ఇందులో పైకి చెప్పని ఇంకో పాఠం కూడా ఉంది. అందరి చేతులూ ఒకే పళ్ళెంలో పడతాయి, ఎవరు కట్టిన ఉండ ఎవరు తింటారో తెలియదు. ఎవరి చేతి వంట ఎవరు తినాలన్న పట్టింపు బడి వంటశాల దాకా వచ్చిన దేశం మనది. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. తీర్పు చేయగలిగినంత తీర్పు చేస్తుంది. ఆరేళ్ళ వయసులో పక్కపిల్ల కట్టిన ఉండ తిన్న అలవాటు దానికి తోడైతే మంచిదే కదా?

అమెరికాలో నల్లజాతి చరిత్ర మాసమైన ఫిబ్రవరి వచ్చిందంటే పిల్లలకు నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గురించి చెబుతూ, పీనట్ బటర్ కనిపెట్టింది ఆయనే అని పొరపాటున చెప్పేస్తుంటారు. కెనడాకు చెందిన ఎడ్సన్ అనే ఆయన 1884లోనే పల్లీ ముద్దకు పేటెంటు పొందాడు. కార్వర్ చేసింది అంతకంటే పెద్ద పని. పత్తి పీల్చేసిన అలబామా నేలల్లో పల్లీ వేస్తే నేలకు నత్రజని తిరిగొస్తుందని, పల్లీని 105 రకాలుగా వండుకోవచ్చని 1916లో పేద రైతుల కోసం చిన్న పుస్తకం వేశాడు. వంటగదినీ పొలాన్నీ ఒకే పాఠం చేశాడు. ఆ పాఠం చెప్పడానికి అనంతపురం కంటే తగిన చోటు ఏముంది? పువ్వు పైన పూసి, ఊడ నేలలోకి దిగి, కాయ మట్టిలో ఊరే చెట్టు అక్కడి పిల్లల ఇంటి వెనకే ఉంది. కదిరి పరిశోధనా కేంద్రం పేరుతో విత్తనాలే ఉన్నాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ బడి భోజనంలోకి చిక్కీ వచ్చింది. మంచిదే. కానీ అది పొట్లంలో వస్తుంది, పిల్లలు చింపి తింటారు, చింపిన కాగితం పారేస్తారు. చెట్టుకూ చిక్కీకీ మధ్య జరిగిందంతా బడి బయటే జరిగిపోతుంది.

కాబట్టి చిన్న తరగతులకు చెప్పే అయ్యవార్లకూ అమ్మవార్లకూ ఒక విన్నపం. ఏడాదికి ఒక్క పూట చాలు. తల్లిదండ్రులను ముందే అడిగి, ఎవరికేం పడదో రాసుకోండి. కిలో పల్లీలు, గుప్పెడు పుట్నాలు, కాస్త బెల్లం, ఒక రోలు, ఒక సబ్బు తెచ్చుకోండి. మీరు చేసి చూపించకండి, పిల్లలతో చేయించండి. నూనె ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేయకండి, ఇంకో గుప్పెడు గింజలు ఇచ్చి మళ్ళీ దంచమనండి.